కోతి వంచిన తలుపు

ఆ బుధవారం మధ్యాహ్నం పన్నెండింటికి నా చేతిలో ఉన్న సరుకు ఇది: నడుము వంగిన అల్యూమినియం జాలి తలుపు ఒకటి, అడుగున్నర సన్న గొట్టం ముక్క, అడిగి తీసుకున్న రివెట్ గన్, పది రివెట్లు, నాలుగు గంటల సమయం, ఒక అబద్ధం.

నాలుగు గంటలే ఎందుకంటే, మా వీధికి కోతుల మంద సాయంత్రం నాలుగింటికి వస్తుంది. ఆ తర్వాత అయిదింటికి మా బామ్మర్ది ప్రేమ్‌చంద్ మంచిర్యాల నుంచి ట్రాలీ ఆటో తీసుకుని వస్తాడు. కుట్టు మిషన్‌నూ, దానితోపాటు నా భార్య రిబ్కమ్మనూ ఎక్కించుకుపోవడానికి.

రిబ్కమ్మ తమ్ముడింటికి ఇంతకుముందు పోలేదని కాదు. ఏడాదికి రెండు మూడుసార్లు పోతుంది, చిన్న సంచితో. మిషన్ మాత్రం ముప్పై ఏళ్లలో ఒక్కసారి కూడా ఈ ఇల్లు కదలలేదు. వీధిలో సగంమంది ఆడవాళ్ల జాకెట్లు దాని మీదే కుట్టింది. అది ట్రాలీ ఎక్కిందంటే ఆమె ఇక తిరిగి రాదు. వ్యాపారం చేసేవాడికి ఎవరు చూసిపోవడానికి వచ్చారో, ఎవరు మొత్తం సర్దుకుపోతున్నారో వేరే చెప్పనక్కర్లేదు.

నాకు లక్సెట్టిపేట బస్టాండు దగ్గర దుకాణం. టార్పాలిన్ పట్టాలు, తాళ్లు, గోనె సంచులు. అది కోతల కాలం. ఊరి చుట్టూ రోడ్ల మీద వడ్లు ఆరుతున్నాయి. మబ్బు పట్టిందంటే రైతులు పట్టాల కోసం పరుగెత్తుకు వచ్చే రోజులు. అలాంటి రోజున షట్టర్ దించి ఇంటి వరండాలో మోకాళ్ల మీద కూర్చున్నాను.

రెండు నెలల కింద రిబ్కమ్మ వరండాలో చేటతో బియ్యం చెరుగుతుంటే మందలోని పెద్ద కోతి వచ్చింది. ఆమె చేట వదల్లేదు. అది ఆమె కుడి మణికట్టు వదల్లేదు. సూదులన్నీ వేయించుకుంది, గాయం మానింది. కానీ చెక్క తలుపు మూసి లోపలే ఉండిపోయింది. పగలే ట్యూబులైటు వేసుకుని కుట్టేది. అప్పుడు నేను ఈ జాలి తలుపు పెట్టించాను. మెల్లగా చెక్క తలుపు తీసింది. జాలి వెనక, వెలుతురులో మిషన్ వేసుకుంది. నెల రోజులు బాగానే నడిచింది.

మొన్న సోమవారం సాయంత్రం ఆమె స్త్రీల కూడికకు చర్చికి పోయింది. నేను స్కూటర్‌కు ముందు పట్టాల కట్ట పెట్టుకుని, మెట్ల మీద వేసిన చెక్క పలక మీదుగా వరండాలోకి ఎక్కించాను. అలా ఎక్కించవద్దని ఆమె మూడుసార్లు చెప్పింది. కట్ట అడ్డం వచ్చి ముందు ఏముందో కనపడలేదు. హ్యాండిల్ పోయి జాలి తలుపు నిలువు పట్టీకి గుద్దుకుంది. పట్టీ లోపలికి వంగింది. గడియ దాని రంధ్రానికి అందకుండా పోయింది. తలుపు మూస్తే నాలుగు వేళ్ల సందు.

స్కూటర్ కిందికి దించి చెమట తుడుచుకుంటుండగానే రిబ్కమ్మ వచ్చింది.

"గిదేందయ్యా?"

"కోతి," అన్నాను.

ఇందులో మా ఊరి అలవాటు కొంత ఉంది. మా దగ్గర ఏది విరిగినా, ఏది పోయినా కోతి మీదికి నెట్టేస్తాం. పక్కింటి కైలాసం టీవీ రిమోటు మీద కూర్చుని విరగ్గొట్టి, కోతి ఎత్తుకుపోయిందన్నాడు. మా చర్చిలో పంట పండుగకు వచ్చిన అరటిగెల పొద్దుటికి సగమైతే కోతులే తిన్నాయని తీర్మానించారు. తొక్కలు మాత్రం కమిటీ గదిలో దొరికాయి. కోతి వచ్చి కాదని చెప్పదు కదా. అందరూ అనే మాటే నేనూ అన్నాను. ఎవరితో అంటున్నానో మాత్రం మరిచాను.

రిబ్కమ్మ ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుంది. లోపలికి పోయి చెక్క తలుపు వేసింది.

అమ్మిన సరుకు చెడ్డదని తెలిస్తే ఆ పూటే వెనక్కి తీసుకోవాలి. దుకాణంలో నాకది తెలుసు. ఇంట్లో ఆ పని చేయలేదు. రిపేరు చేయిస్తే సరిపోతుంది, మరిచిపోతుంది అనుకున్నాను. మంగళవారం ఆమె అన్నం ముట్టలేదు. రిపేరు మాట ఎత్తితే, "ఒక్కసారి విరిచింది రెండోసారి విరవదా? దానికి దారి తెలిసిపాయె," అంది. ఆ మధ్యాహ్నమే ఫోనులో తమ్ముడితో మాట్లాడటం విన్నాను. "ఇనుప తలుపు పెట్టినా ఆగయిరా గవి. ట్రాలీ తీసుకరా. మిషన్ గూడ తెచ్చుకుంట."

బుధవారం పొద్దున వెంకటిని పిలిచాను. ఈ తలుపు చేసింది అతనే. జన్నారంలో పనికి పోతూ దారిలో ఆగాడు. వంగినచోట బొటనవేలితో రుద్దాడు. వేలికి నల్లగా అంటింది. కింద నిలబెట్టిన స్కూటర్ వంక చూశాడు.

"కోతి పనేనా పౌలన్నా?"

"ఆఁ."

"మంచి కోతే. రబ్బరు గ్రిప్పులు ఏసుకొని తిరుగుతున్నట్టుంది."

మెల్లగా మాట్లాడమని చెక్క తలుపు వైపు సైగ చేశాను. అతను గొంతు తగ్గించాడు గానీ దెప్పడం తగ్గించలేదు. "గా దినం పక్క పట్టీలు మందంవి వెయ్యమని మొత్తుకున్న. తూకం తగ్గాలె, తూకం తగ్గాలె అన్నవ్. తగ్గింది. ఇప్పుడు నీ ఇష్టం. నేను శుక్రవారం దాకా రాను."

"నేనే చేసుకుంట. ఎట్లనో చెప్పు."

"అల్యూమినియం ఇనుము గాదన్నా. వంగింది ఒక్కసారే సాపు చెయ్యాలె. అటు ఇటు వంచినవా, చీరుకపోతది. సాపు చేసి లోపల ఈ సన్న గొట్టం దూర్చు. వంగినకాడికి పైన నాలుగు, కింద నాలుగు రివెట్లు కొట్టు. రెండు ఎక్కువిస్తున్న. నువ్వు పాడు చేస్తవని తెలుసు."

తలుపును బందుల నుంచి విప్పి వరండాలో రెండు గోనె సంచుల మీద పడుకోబెట్టాను. జాలిని పట్టుకుని ఉండే రబ్బరు బీడింగ్‌ను గాడిలోంచి లాగేశాను. జాలి తీసి చుట్టి పెట్టాను. మూలల్లో స్క్రూలు విప్పితే వంగిన పట్టీ ఒక్కటే చేతికి వచ్చింది. ఎంత తేలిక! తూకం దగ్గర నేను గెలిచిన గెలుపంతా ఆ తేలికలో ఉంది.

లోపల మిషన్ నడుస్తోంది. పోయేముందు ఎవరి జాకెట్లు వాళ్లకు ఇచ్చేయాలని గబగబా కుడుతోంది. పట్టీని రెండు చెక్కల మధ్య పెట్టి మోకాలితో అదిమాను. అది మూలిగింది. రబ్బరు సుత్తితో ఒక దెబ్బ కొట్టాను. లోపల మిషన్ ఆగింది. ఇంకో దెబ్బ కొట్టేదాకా ఆగే ఉంది. నేను ఆపితే మళ్లీ నడిచింది. ప్రతి దెబ్బకూ అంతే. బయట చప్పుడైతే ఆమె చెయ్యి ఆగిపోతోంది. ఆ చప్పుడు నాదని తెలిసి కూడా.

రెండింటికి పట్టీ సాపు అయింది. వంగినచోట వెంట్రుకంత చీలిక కనపడింది. ఇంకొక్క దెబ్బ పడి ఉంటే రెండు ముక్కలు. సన్న గొట్టం దూర్చబోతే చీలిక దగ్గర పట్టుకుంది. ఆకురాయితో గీకి, కొబ్బరినూనె రాసి, చెక్కతో తడుతూ తడుతూ లోపలికి పంపాను. డ్రిల్లుతో బెజ్జాలు వేశాను. మొదటి రివెట్ వంకరగా దిగింది, తీసేశాను. రెండోదీ అంతే. ఒకటి చేతిలోంచి జారి వరండా పక్క మురుగు మోరీలో పడింది. ఎనిమిది కావలసినచోట ఏడే మిగిలాయి. పైన నాలుగు, కింద మూడు కొట్టాను.

మూలలు బిగించి తాడుతో మూల నుంచి మూలకు కొలిచాను. ఒకవైపు బొటనవేలు మందం ఎక్కువ. చట్రం పక్కకు వాలినట్టే. అలాగే బిగిస్తే గడియ మళ్లీ అందదు. పొడుగ్గా ఉన్న మూలలకు తాడు కట్టి, మధ్యలో కర్ర పెట్టి మెలేశాను. తాడు బిగిసేకొద్దీ చట్రం దారికి వచ్చింది. అలా పట్టి ఉంచే స్క్రూలు గట్టిగా తిప్పాను. జాలి పరిచి, రూపాయి బిళ్ల అంచుతో బీడింగ్‌ను గాడిలోకి నొక్కుకుంటూ పోయాను. వేళ్లు బొబ్బలెక్కాయి.

మూడూ నలభై అయింది. ఇక బిగించడమే. తలుపును గుమ్మంలో నిలబెట్టి పట్టుకోవడానికి ఒకరు, స్క్రూలు తిప్పడానికి ఒకరు కావాలి. కైలాసం వడ్ల కొనుగోలు కేంద్రానికి పోయాడు. వీధిలో ఎవరూ లేరు.

చెక్క తలుపు తట్టాను. "రిబ్కా, తలుపు తియ్యి. జర పట్టుకోవాలె."

మిషన్ ఆగింది. "టైమెంత?"

"మూడూ నలభై."

"నేను తియ్య. అవి వచ్చే యాళ్లయింది."

"ఒక్కని తోటి గాదు. పది నిమిషాల పని."

"ప్రేమ్‌చంద్ వచ్చినంక పట్టుకుంటడు."

ప్రేమ్‌చంద్ వచ్చాక తలుపు బిగించి ఏం లాభం? ఆమె అప్పటికి మూట కట్టుకుని ఉంటుంది. నా దగ్గర అమ్మకానికి ఇక ఒక్కటే సరుకు మిగిలింది. దాన్ని బయటికి తీయడం సుత్తి దెబ్బ కొట్టడంకంటే భయమనిపించింది.

"కోతి గాదు," అన్నాను తలుపుకు నోరు దగ్గర పెట్టి.

"ఏంది?"

"తలుపు వంచింది కోతి గాదు. నేను. సోమవారం స్కూటర్ ఎక్కిస్తుంటే హ్యాండిల్ తాకింది. ముందట పట్టాల కట్ట ఉండె. కనవడలే."

తిడుతుందనుకున్నాను. ఎండిపోయిన నవ్వు ఒకటి వినిపించింది.

"మంచి బేరమే సావుకారీ! నా మిషన్ పోతుందని తెల్వంగనే కోతి మంచిదైపాయెనా?"

"ఒట్టు రిబ్కా. నిజం."

"చినిగిన పట్టాను చినుగు లోపలికి మడత పెట్టి అమ్మేటోనివి. నువ్వు నిజం చెప్పినా నేను విప్పి చూసుకోవాలె."

ఒకసారి అలా అమ్మాను, ఆమె చూసింది.

"అయితే విప్పి చూసుకో," అన్నాను. "తలుపు ఇక్కడనే ఉంది, స్కూటర్ ఇక్కడనే ఉంది. టేపు తెచ్చుకో."

గొళ్లెం తీసిన చప్పుడు. చెక్క తలుపు జానెడు తెరుచుకుంది. మెడలో కొలత టేపు వేసుకుని నిలబడింది. ముందు గోడ మీదికి, కైలాసం ఇంటి రేకుల మీదికి చూసింది. తర్వాత నా వైపు.

"నువ్వు అటు జరుగు. మాట్లాడకు."

జరిగాను. ఆమె కూర్చుని చట్రం అడుగు నుంచి నల్ల మరక దాకా టేపు పట్టింది. ముప్పై తొమ్మిదిన్నర. మెట్లు దిగి స్కూటర్ దగ్గరికి పోయింది. నేల నుంచి గ్రిప్పు దాకా కొలిచింది. నలభై.

"తలుపు కింద సందెంత?"

"అర ఇంచు."

టేపు చుట్టుకుంటూ అక్కడే నిలబడింది. జాకెట్ల కొలతల్లో పావు ఇంచు తేడా ఆమె ఎప్పుడూ ఒప్పుకోదు. ఇక్కడ తేడా లేదు. తలుపు అడుగు భాగంలో మట్టి చేతి ముద్రల వైపు వేలు చూపించింది.

"మరి గవి?"

"గవి కోతియే. ఆదివారం మనం చర్చిల ఉన్నప్పుడు రెండు చేతుల గుంజిందట. కైలాసం చూసిండు. దానితోటి ఏం గాలే."

"ఏం గాలే," అని మెల్లగా అంది. తర్వాత తలెత్తింది. "రెండు దినాలాయె నేను ముద్ద మింగక. నువ్వు చూసినవ్. చూసుకుంటనే అన్నం తిన్నవ్."

దానికి ధర కట్టడం నాకు తెలియలేదు. అంతలో కైలాసం ఇంటి రేకులు దబదబలాడాయి.

మంద వచ్చింది. పది నిమిషాలు ముందే. రేకుల మీద నుంచి గోడ మీదికి ఒకటి, రెండు, అయిదు. పెద్దది గేటు స్తంభం మీదికి దిగి కూర్చుంది. రిబ్కమ్మ స్కూటర్ పక్కన ఉంది. ఆమెకూ గుమ్మానికీ మధ్య నాలుగు మెట్లు, వరండా. ఆమె ఎడమ చెయ్యి కుడి మణికట్టును వెతుక్కుంది.

"ఉరకకు," అన్నాను. "దాని కండ్లల్లకు చూడకు. మెల్లగ రా."

ఒక మెట్టు. కోతి పళ్లు చూపింది. రెండో మెట్టు. ఆమె పెదాలు కదులుతున్నాయి, ప్రార్థన చేస్తోందో నన్ను తిడుతోందో తెలియదు. నేను స్క్రూడ్రైవర్ పట్టుకుని పక్కకు నిలబడ్డాను. నాలుగో మెట్టు ఎక్కి, వరండా దాటి, లోపలికి పోయింది. చెక్క తలుపు ధబీమని పడుతుంది, మిగతా బతుకంతా అలాగే ఉంటుంది అనుకున్నాను.

పడలేదు.

"చూస్తవేంది? లేపు," అంది.

ఇద్దరం కలిసి తలుపు లేపి గుమ్మంలో నిలబెట్టాం. ఆమె లోపల, నేను బయట. మధ్య పట్టీని రెండు చేతుల్తో పట్టుకుంది. "పట్టుకున్న. బిగించు."

పైబందుకు రెండు స్క్రూలు వేశాను. కిందికి వంగి మొదటిది తిప్పుతుండగా పెద్ద కోతి స్తంభం మీది నుంచి వరండాలోకి దూకింది. నాకు మూరెడు దూరం. దాని వాసన వచ్చింది. నా చెయ్యి ఆగిపోయింది.

"నీ పని నువ్వు చూస్కో," లోపలి నుంచి గొంతు. "దాన్ని నేను చూస్త."

అప్పుడు టక్కుమని చప్పుడు వినిపించింది. ఆమె గడియ వేసింది. అది సూటిగా తన రంధ్రంలో పడింది. నిలువు పట్టీ నిలువుగా ఉందన్నమాట. కోతి తలుపు అంచు పట్టుకుని వెనక్కి ఊగింది. చట్రం మొత్తం కిర్రుమంది. నేను రివెట్లనే చూస్తున్నాను. పైన నాలుగు, కింద మూడు. మళ్లీ గుంజింది. జాలి అదిరింది. జాలికి అవతల, దాని మొహానికి ఎదురుగా, రిబ్కమ్మ మొహం. ఆమె చేతులు పట్టీ మీది నుంచి తీయలేదు. మూడోసారి గుంజి, పని కాదని తెలుసుకుని, మిగిలిన రబ్బరు బీడింగ్ ముక్క ఎత్తుకుని గోడెక్కి కొరుకుతూ కూర్చుంది.

మిగిలిన స్క్రూలు ఎలా బిగించానో తెలియదు. చివరిది పూర్తి చేసి, "అయిపాయె. గడియ తియ్యి," అన్నాను.

తీయలేదు.

"ఇంకేమన్న ఉన్నయా?"

"ఏంటివి?"

"కోతి మీద ఏసినవి. ఇప్పుడే చెప్పు."

వెనక గోడ మీద పదిహేను కోతులు. పెద్దది బీడింగ్ నములుతూ నన్నే చూస్తోంది. "మీ అవ్వ ఇచ్చిన పచ్చడి జాడీ," అన్నాను. "అది నేనే పలగ్గొట్టిన."

"నాకు తెలుసు. ఇంకా?"

"నీ నీలం గొడుగు. బస్సుల మరిచిన."

"ఇంకా?"

"ఇంకేం లేవు."

"మొన్న క్రిస్మస్ కేకు?"

"...సగమే."

గడియ తీసింది.

అయిదింటికి ట్రాలీ వచ్చి ఆగింది. కోతులు అప్పటికి తర్వాతి వీధికి పోయాయి. ప్రేమ్‌చంద్ తాళ్లు భుజాన వేసుకుని మెట్లెక్కాడు. "అక్కా, ముందు మిషన్ ఎక్కిద్దామా?"

రిబ్కమ్మ మంచం మీది చిన్న సంచి తీసుకుంది. నేను గోడకు ఆనుకున్నాను.

"మిషన్ ఉండనియ్యి. నేనొక్కదాన్నే వస్త."

"మరి ట్రాలీ ఎందుకు తెమ్మన్నవే?"

"నన్ను మొయ్యదా ట్రాలీ?"

అతను అయోమయంగా నా వైపు తిరిగాడు. "ఏమైంది బావా? కోతులు మల్ల వచ్చినయా?"

"కోతుల ముచ్చట ఒడిసింది తమ్ముడా," అంది ఆమె. "ఇప్పుడు నేను మనిషి మీద అలిగి వస్తున్న. పద."

జాలి తలుపు తెరిచి బయటికి నడిచింది. గోడ వైపు ఒకసారి చూసింది. మణికట్టు పట్టుకోలేదు. ట్రాలీలో తమ్ముడి పక్కన కూర్చుని, నాతో ఒక్క మాట కూడా చెప్పకుండా పోయింది.

నేను లోపలికి వచ్చి గడియ వేసి కూర్చున్నాను. లెక్క చూసుకున్నాను. పోయినవి: కోతల కాలంలో ఒక రోజు దుకాణం, మూడు రివెట్లు, ఇంట్లో నా మాటకున్న పరపతి. అది తిరిగి రావాలంటే తాడు మెలేసినట్టు కొంచెం కొంచెంగా రావాలి. వచ్చినవి: గడియ సూటిగా పడే తలుపు ఒకటి. పెద్ద కోతి మూడుసార్లు గుంజినా ఆగిన ఏడు రివెట్లు. కదలకుండా తన చోటే ఉన్న మిషన్. దాని మీద మడత పెట్టిన ఆరు జాకెట్లు, ఇంకా కుట్టాల్సినవి. ఒక్కోదానికి గుండుసూదితో చీటీ గుచ్చి ఉంది. ప్రేమ్‌చంద్ రాకముందు, కోతులు పోయాక, ఆ మధ్య గంటలో రాసి ఉంటుంది. ఆరింటి మీదా ఒకే మాట: సోమవారం ఇస్త. రిబ్కమ్మ చెప్పిన రోజుకు జాకెట్ ఇవ్వకపోవడం ఈ వీధిలో ఎవరూ ఎరుగరు.